తివాచీ తడిపినవాడే ఇంటికి పెద్దదిక్కు

ఇంటిల్లిపాదీ కలిసిమెలిసి ఉండాలంటే ఏం చెయ్యాలి? ఏడాదికోసారి టూర్ వెయ్యమంటారు కొందరు. కలిసి భోంచెయ్యమంటారు ఇంకొందరు. ఇవన్నీ పనికిరాని సలహాలు. నన్నడగండి, చెబుతాను. ఒక కుక్కపిల్లను తెచ్చుకోండి. ఒంటికీ రెంటికీ ఎక్కడికెళ్ళాలో మాత్రం దానికి చచ్చినా నేర్పకండి!

నవ్వకండి. నేను తమాషాకు చెప్పడం లేదు. కుక్కపిల్లకు బయటికెళ్ళడం ఎలా నేర్పాలో పుస్తకాలు రాసినవాళ్ళున్నారు, వీడియోలు తీసినవాళ్ళున్నారు, ఇంటికొచ్చి మరీ నేర్పే ట్రైనర్లున్నారు. వీళ్ళంతా కుటుంబ వ్యవస్థకు బద్ధ శత్రువులని నా నిశ్చితాభిప్రాయం. ఎందుకంటారా? దానికి మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి.

మేం నలుగురం. మూడో అంతస్తులో ఫ్లాటు. హాలు చుట్టూ నాలుగు తలుపులు. ఒకదాని వెనక మా అమ్మాయి. కాలేజీలో బిల్డింగుల ప్లాన్లు గీసే చదువు. ఒకదాని వెనక మా అబ్బాయి, పదో తరగతి. మూడోదాని వెనక మా ఆవిడ; పగలంతా ఆసుపత్రి ల్యాబులో శాంపిళ్ళు పరీక్షించి వచ్చి, సాయంత్రం సీరియల్ పెట్టుకుంటుంది. నాలుగోది స్టోర్ రూము. అందులో పాత సూట్‌కేసుల మధ్య నేనూ, నా కంప్యూటరూ, పత్రికలో మీ కోసం నేను రాసే ఈ కాలమూ.

ఇక హాలంటారా? అది ఎవరిదీ కాదు. సోఫా కొని ఆరేళ్ళయింది. ఇప్పటికీ నిన్ననే షాపులోంచి దించినట్టుంటుంది. అన్నం ఉడికితే మా ఆవిడ ఫ్యామిలీ గ్రూపులో "అన్నం" అని మెసేజ్ పెడుతుంది. మేం ముగ్గురం మూడు బొటనవేళ్ళు పంపుతాం. తర్వాత ఒకరికొకరం అడ్డు రాకుండా వెళ్ళి కంచాలు నింపుకుంటాం. మొన్న మా అబ్బాయి పుట్టినరోజుకు గోడ ఇవతల నుంచి కేకు బొమ్మ పంపాను. వాడు గోడ అవతల నుంచి దణ్ణం బొమ్మ పంపాడు. ఎంత వినయం!

అలాంటి ఇంటికి ఓ సాయంత్రం మా అమ్మాయి పుస్తకాల బ్యాగులో రెండు నెలల కుక్కపిల్లను వేసుకొచ్చింది. గోధుమరంగు ఒళ్ళు, ఒంటికి మించిన పొట్ట. ఆ పొట్టను చూసే బొద్దుగాడని పేరు పెట్టింది.

మా ఆవిడ వాణ్ణి తలకిందులుగానూ, పక్కలకీ తిప్పి పరీక్షగా చూసి తీర్పు చెప్పేసింది.

"ఇదిగో అమ్మడూ, ముప్ఫై రోజులు టైమిస్తున్నా. ఈలోపు బయటికెళ్ళి కానిచ్చుకోవడం నేర్చుకున్నాడా, ఉంటాడు. లేదంటే మా ల్యాబులో ఒకావిడకి పెద్ద పెరడుంది, అక్కడికి పంపించేస్తా. తర్వాత నా దగ్గర ఏడిస్తే లాభం లేదు."

"ముప్ఫై ఎందుకమ్మా? వారంలో నేర్పేస్తా చూడు!" అంది మా అమ్మాయి.

మర్నాడు సాయంత్రం హాల్లోంచి మా ఆవిడ కెవ్వుమంది. మిగతా మూడు తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. తివాచీ నడిమధ్యలో, అరచేయంత మేర తడి. పక్కనే బొద్దుగాడు, ఎవరో పెద్ద పొరపాటు చేశారన్నట్టు మా అందరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. నలుగురం మోకాళ్ళ మీద కూర్చున్నాం. నేను పేపరు ముక్కలతో అద్దుతున్నాను.

"అలా కాదు నాన్నా. ముందు పాత టవలేసి గట్టిగా నొక్కు, అదే పీల్చేసుకుంటుంది" అని వెనకనుంచి ఎవరో మగమనిషి గంభీరంగా అన్నాడు.

ఎవరో కిందింటాయన వచ్చాడనుకుని వెనక్కి తిరిగాను. మా అబ్బాయి! వాడి గొంతు మారిపోయింది!

"ఎప్పుడు మారిందిరా ఇది?" అన్నాను.

"ఆర్నెల్లయింది నాన్నా, నీకిప్పుడు తెలిసిందా?" అంది మా అమ్మాయి.

చూశారా? కన్నకొడుకు గొంతు వినడానికి నాకు ఒక కుక్కపిల్ల తివాచీ తడపాల్సొచ్చింది. ఏ టూరులో, ఏ విందు భోజనంలో ఈ భాగ్యం దొరుకుతుంది చెప్పండి!

అది మొదలు, మా ఇంటి దశ తిరిగింది. ఫ్రిజ్ మీద మా ఆవిడ ఒక చార్టు అంటించింది. బయట కానిచ్చుకుంటే నీలం గీత, ఇంట్లో కానిచ్చుకుంటే ఎర్ర గీత. ల్యాబు మనిషి కదా, రంగు, పరిమాణం కూడా రాసేది. కాలేజీ నుంచి ఎన్నడూ ఫోన్ చెయ్యని మా అమ్మాయి రోజుకు నాలుగుసార్లు చెయ్యసాగింది. "నాన్నా, వెళ్ళాడా?" "ఒంటికా, రెంటికా?" తండ్రీకూతుళ్ళ మధ్య ఇంత అరమరికల్లేని సంభాషణ మరే విషయం మీదైనా సాధ్యమా?

ఆరోగ్యం సంగతి వేరే చెప్పాలా? తిన్నాక ఒకసారి, నిద్రలేచాక ఒకసారి, ఆడాక ఒకసారి, ఊరికే మూతి నేలకానించి గుండ్రంగా తిరిగినా ఒకసారి, వాణ్ణి చంకనేసుకుని మూడంతస్తులు దిగాలి. లిఫ్టు కోసం చూసే వ్యవధి వాడివ్వడు. డాక్టరు రెండేళ్ళుగా కరిగించమంటున్న నా పొట్ట పన్నెండు రోజుల్లో బెల్టుకు రెండు బెజ్జాలు లోపలికెళ్ళింది. ఇంట్లో అందరికీ కిందికి చూసి నడిచే అలవాటైంది. దీన్నే పెద్దలు వినమ్రత అన్నారు. మా అబ్బాయి విడిచిన సాక్సు నేలమీద వదలడం మానేశాడు. నేను పదిహేనేళ్ళు మొత్తుకున్నా జరగని పని బొద్దుగాడు ఒక్క కాలెత్తకుండా, ఊరికే కూర్చుని సాధించాడు!

ఇక పార్కింగ్ వెనక గడ్డి. రెండో అంతస్తులో ఒక రిటైర్డు లెక్కల మాస్టారున్నారు. కిందా పైనా ఉండి పదకొండేళ్ళలో ఒకరినొకరం పలకరించుకున్నది లేదు. అలాంటాయన ఓ సాయంత్రం మా పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "కానియ్ నాన్నా, కానియ్, ఇక్కడ నిన్నెవరూ చూడ్డం లేదు" అని బొద్దుగాణ్ణి బతిమాలారు. ఐదుగురం చూస్తూనే ఉన్నాం. కాసేపటికి వాడు దయతలిచాడు. ఐదుగురం చప్పట్లు కొట్టాం. నాకు ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా ఇంతమంది చప్పట్లు కొట్టలేదు.

ఇంత వైభవం చూసి ఎవరి కళ్ళు కుట్టాయో ఏమో, మూడోవారంలో కొంప మునిగింది. బొద్దుగాడు నేర్చేసుకున్నాడు!

అవును. ఓ ఉదయం వీధి తలుపు దగ్గరికి తనంతట తనే నడిచెళ్ళి, ముందుకాలితో ఒకసారి గీరి, కుయ్ మన్నాడు. మా అబ్బాయి తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. నీలం గీత. మధ్యాహ్నం మళ్ళీ గీరాడు, కుయ్ మన్నాడు. నీలం గీత. నాలుగు రోజులు వరసగా చార్టంతా నీలమే. ఒక కుయ్ కి ఒక మనిషి చాలు. నలుగురితో పనేముంది?

తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. "నాన్నా, వెళ్ళాడా?" ఫోన్లు ఆగిపోయాయి. గ్రూపులో మళ్ళీ "అన్నం" వచ్చింది. నేను మళ్ళీ బొటనవేలు పంపాను. ఖాళీ హాల్లో, ఆరిపోయిన తివాచీ మీద వెల్లకిలా పడుకుని బొద్దుగాడు పొట్ట చూపిస్తుంటే ఒళ్ళు మండిపోయింది. ఎంత విశ్వాసఘాతకుడు!

పాఠకులారా, ఆ తర్వాత నేను చేసిన పని మీకు తప్ప ఎవరికీ చెప్పలేను. మంగళవారం సాయంత్రం అరగ్లాసు గోరువెచ్చని నీళ్ళు తీసుకుని, అటూ ఇటూ చూసి, సోఫా పక్కన తివాచీ మీద పోశాను. గ్లాసు కడిగి బోర్లించాను. తర్వాత గుండెలు బాదుకుంటూ అరిచాను. "అయ్యయ్యో! మళ్ళీ పోసేశాడు!"

మూడు తలుపులూ తెరుచుకున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. టవలొచ్చింది, బకెట్టొచ్చింది. మా అబ్బాయి నొక్కుతూ నొక్కుతూ ఫిజిక్స్ మాస్టారిని అనుకరించి చూపించాడు. మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. గంటన్నర కూర్చున్నాం. అరగ్లాసు నీళ్ళకు గంటన్నర!

ఆ వారంలో అలా నాలుగుసార్లు పోశాను. చార్టులో మాత్రం ఏడు ఎర్ర గీతలు పడ్డాయి. మిగతా మూడూ నేను గదిలో ఉండగా, మా ఆవిడ కేక విని పరుగెత్తుకొచ్చి చూసినవి. లేత పసుపురంగులో ఉన్నాయి. బొద్దుగాడు కూడా నాతో చేయి కలిపాడనుకుని సంబరపడ్డాను.

ఈ సంబరంలో పడి ఒక సంగతి మరిచిపోయాను. ముప్ఫై రోజుల గడువు! ఆదివారంతో అది తీరిపోతోంది. ఎర్ర గీత పడినప్పుడల్లా మా అమ్మాయి మొహం పాలిపోతోంది. "అమ్మా, ఇంకొక్క వారం ఆగవా?" అంటే, "చూద్దాంలే" అంటోంది మా ఆవిడ. ఆ "చూద్దాంలే"కి అర్థం ఏమిటో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు.

శనివారం సాయంత్రం నేను మంచినీళ్ళకని బయటికొచ్చేసరికి మా అమ్మాయి హాల్లో కింద కూర్చునుంది. బొద్దుగాడి గిన్నె, వాడు నమిలిన చెప్పు, వాడు కప్పుకునే తన పాత చున్నీ, ఒక సంచిలో సర్దుతోంది. కళ్ళు వాచిపోయాయి. వాడేమో సంచి తనకు కొత్త ఆట అనుకుని అందులో దూరి, తల బయటపెట్టి తోకాడిస్తున్నాడు. నా కబుర్ల కోసం పసిప్రాణి మీద నింద వేసి, కూతురి చేత వాణ్ణి మూట కట్టిస్తున్నాను! ఇంతకంటే నీచుడుంటాడా?

"ఒరేయ్! ఏమేవ్! అందరూ రండి!" అని అరిచాను. వచ్చారు. "వాణ్ణెక్కడికీ పంపక్కర్లేదు. ఈ వారం తివాచీ మీదవి వాడివి కావు. నావి!"



"నాన్నా," అన్నాడు మా అబ్బాయి ఆ కొత్త గొంతుతో మెల్లగా, "డాక్టర్‌కి చూపించుకున్నావా?"

"నీళ్ళురా! మంచినీళ్ళు! గ్లాసుతో పోశాను! తడి కనపడితేనే కదా మీరు గదుల్లోంచి బయటికొచ్చేది?"

"నాకు తెలుసు," అంది మా అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ. "గురువారం నువ్వు అరిచినప్పుడు వీడు నా ఒళ్ళో నిద్రపోతున్నాడు."

"మరి చెప్పవేం?"

"చెబుదామనే వచ్చాను. తమ్ముడు మళ్ళీ ఆ ఫిజిక్స్ మాస్టారి గొంతు పెట్టి నవ్విస్తుంటే చెప్పబుద్ధి కాలేదు. పైగా ఒక్కటే కదా నువ్వు పోసింది, మిగతా ఆరూ వీడివే అనుకున్నా."

"ఒకటి కాదమ్మా, నాలుగు. మిగతా మూడే వాడివి."

ముగ్గురం బొద్దుగాడి వంక చూశాం. వాడు సంచిలోంచి దూకి, నేరుగా వీధి తలుపు దగ్గరికెళ్ళి, గీరి, కుయ్ మన్నాడు. వాడిలో వంక పెట్టడానికేమీ లేదు. ముగ్గురం నెమ్మదిగా మా ఆవిడ వైపు తిరిగాం.

"ఏమిటలా చూస్తారు?" అంది. "రోజుకి రెండొందల సీసాలు చూసే మనిషి ఎదుట పంపునీళ్ళు పోసి నమ్మించాలనుకున్నారా? రెండు చుక్కలు టీ డికాక్షనైనా కలపొద్దూ?"

"అంటే... ఆ పసుపురంగువి..."

"నేనే పోశాను. మూడూ నేనే. ఆ పెరడున్నావిడకి అసలు ఫోనే చెయ్యలేదు. రేపు చెబుదామనుకున్నా. ఇదిలా సంచి సర్దుకుని కూర్చుంటుందని నాకేం తెలుసు?" అని అమ్మాయి తల నిమిరింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఏం, ఈ ఇంట్లో మనుషులతో మాట్లాడాలని మీకొక్కరికేనా ఉండేది? పిల్లలు తలుపులేసుకుంటారని ఊరందరికీ చెప్పుకుంటారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ముందే మూసుండేది ఎవరి తలుపండీ? ఎప్పుడు తట్టినా 'ఒక్క పేరా ఆగు' అంటారు. ఆ పేరా అయ్యేదాకా ఏం చెయ్యాలో తెలీకే నేను సీరియల్ పెట్టుకోవడం మొదలెట్టింది."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఇన్నేళ్ళుగా మీ అందరికీ రాసినదాంట్లో పదోవంతైనా ఆవిడతో మాట్లాడానా అని లెక్కేసుకుంటే, నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

ఈ కాలమ్ స్టోర్ రూములో రాయడం లేదు. హాల్లో సోఫా మీద కూర్చుని రాస్తున్నాను. మా అబ్బాయి బొద్దుగాడితో కిందికెళ్ళాడు. వాడి అక్క కూడా వెనకే వెళ్ళింది. మా ఆవిడ నా భుజం మీదుగా తెరలోకి తొంగిచూస్తోంది.

"నేను పోసిన సంగతి కూడా రాశారా?"

"రాశాను."

"ఎన్ననీ?"

"మూడని."

"అయ్యో రామ! మా ల్యాబులో అందరూ చదువుతారండీ! ఒక్కటని దిద్దండి."

"ఒక్క పేరా ఆగు, దిద్దుతాను" అనబోయాను. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. కంప్యూటర్ మూసి పక్కనపెట్టి, కొంచెం జరిగి ఆవిడకు చోటిచ్చాను.

అందుచేత, పాఠకులారా, మూడు మూడుగానే ఉండిపోయింది.