అసలు లారీకి నలభై ఒక్క మార్కులు

తప్పులెన్నేవాడు ఊరికి దేవుడితో సమానం!

ఏం, నవ్వొస్తోందా? రాదూ మరి! వంటలో ఉప్పు తక్కువైందన్నవాడి మీదా, గోడకు కొట్టిన మేకు వంకరగా ఉందన్నవాడి మీదా పళ్ళు నూరే జనమే కదా మీరు! పైగా మాకు ‘కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళు’ అని బిరుదొకటి. నేనడుగుతాను, ఈకలు ఉంటేనే కదా పీకేది? ఇరవై రెండేళ్ళుగా పీకుతున్నాను, ఒక్కనాడూ వట్టి చేతులతో ఇంటికి వెళ్ళలేదు.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా హామ్రీ ఊళ్ళో సైనిక వాహనాల నమూనాలు చేసేవారి సంఘం ఒకటి ఉంది. అసలు బండిలో ముప్పై అయిదో వంతు కొలతతో బొమ్మ బండ్లు చేస్తారు. ఏటా మే నెలలో అగ్నిమాపక దళం వారి హాల్లో ప్రదర్శన. మా న్యాయనిర్ణేతల ముద్ర పడని బొమ్మ బల్ల ఎక్కదు. ఆ న్యాయనిర్ణేతలకు పెద్దను నేను. నియమావళి నూట పన్నెండు పేజీలు. రాసిందీ నేనే, ఇంతవరకూ పూర్తిగా చదివిందీ నేనే.

తప్పు పట్టడం వల్ల ఎన్ని లాభాలో! పోయిన ఏడాది గుండె పట్టేసి నన్ను ఆంబులెన్సులో ఎక్కిస్తుంటే, వెనక తలుపు కీలుకు మూడు బోల్టులు ఉండాల్సిన చోట రెండే కనబడ్డాయి. ఆ సంగతి డ్రైవరుకు చెప్పాను. అతను నా మొహానికి ఆక్సిజన్ తొడుగు ఇంకాస్త గట్టిగా బిగించాడు. కృతజ్ఞత అంటే అదీ!

నా తోటి న్యాయనిర్ణేత క్రిష్టోఫ్‌నే చూడండి. ముప్పై నాలుగేళ్ళవాడు. నిర్బంధ సైనిక సేవ ఎత్తేశాక పెద్దవాడయ్యాడు కాబట్టి సైన్యం మొహం ఎరగడు. అందుకే అతని చూపు అంత నిష్పక్షపాతం! కంప్యూటర్‌లో నాలుగువేల డ్రాయింగులున్నాయి. ఓ రోజు అతని భార్య కొత్త గౌను వేసుకుని ‘ఎలా ఉన్నాను?’ అంటే, ‘ఏ సంవత్సరపు డ్రాయింగు ప్రకారం?’ అని అడిగాడు. ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇప్పుడతనికి బోలెడంత తీరిక! మూడో న్యాయనిర్ణేత ఒకాయన ఉన్నాడు. ఆయన నిద్రపోతూ నాకే ఓటేస్తాడు.

ఇక వెండెలీన్ కథకు వస్తాను. మేం చేసే మేలు ఎంతటిదో తెలియాలంటే ఆ కథ వినాలి.

వెండెలీన్‌కు డెబ్బై రెండేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరి బస్సు నడిపి రిటైరయ్యాడు. అంతకుముందు, మీసాలు సరిగ్గా మొలవని వయసులో, రెండేళ్ళు సైన్యంలో వేత్రీస్కా నడిపాడు. మా సైన్యపు ఆరుచక్రాల లారీకి జనం పెట్టుకున్న ముద్దుపేరది. పొడుగు మూతి, చెక్క తొట్టి, కొండనైనా ఎక్కే మొండితనం. బస్సును ముప్పై ఎనిమిదేళ్ళు నడిపినా అతని కలల్లోకి వచ్చేది ఆ లారీయే.

ఆ లారీ నమూనాను అతను మొదటి మేకు నుంచీ తన చేతులతో చేయడం మొదలుపెట్టాడు. దుకాణంలో డబ్బా కొని ముక్కలు అంటించడం కాదు సుమా! ప్రతి ముక్కనూ తానే పుట్టించాలి. పెరుగు డబ్బా మూతలు ఛాసీ అయ్యాయి. చేపల డబ్బా రేకు మడ్‌గార్డులయింది. పాత టెలిఫోన్ తీగ బ్రేకు గొట్టాలయింది. భార్య ద్రహోమీరా తోలు చేతితొడుగు, అదీ ఎడమది ఒక్కటే, డ్రైవరు సీటయింది. తొట్టి చెక్కలకు పుల్లైసు పుల్లలే సరైనవని తేలాక ఆ వేసవంతా మొగుడూ పెళ్ళాం రోజుకు నాలుగేసి పుల్లైసులు తిన్నారు. ఇద్దరికీ గొంతులు పట్టేశాయి.

‘మూడేళ్ళయింది వంటింటి కుళాయి కారబట్టి!’ అని ద్రహోమీరా మా ఇంటి మెట్ల మీద మా ఆవిడ దగ్గర మొత్తుకుంది. ‘దానికి వాషర్ వెయ్యమంటే తీరిక లేదంటాడు. లారీ డీజిల్ ట్యాంకు మూత మాత్రం గోటితో తిప్పితే తిరుగుతుందట! ఆ మూత తిప్పి అంట్లు తోముకోనా చెప్పు వదినా?’

అంత తాపత్రయం ఎందుకూ అంటారా? అక్కడే ఉంది సంగతి. పందొమ్మిది వందల డెబ్బై మూడు జనవరిలో, యెసెనీకీ కొండల్లో, సైనిక విన్యాసాల మధ్య ఆ లారీ మంచులో కూరుకుపోయింది. లోపల వెండెలీన్‌తో కలిపి నలుగురు కుర్రాళ్ళు. ఐదు రాత్రులు ఎవరూ రాలేదు. డీజిల్ అయిపోయింది. ఎడమ పక్క చెక్కలు గాలిని ఆపుతున్నాయని వాటిని ఉంచి, కుడి పక్క చెక్కలను విరిచి, రాత్రికొకటి చొప్పున కాల్చుకున్నారు. నలుగురివీ కలిపి కాళ్ళవీ చేతులవీ ఎనభై వేళ్ళు కొండెక్కాయి, ఎనభై వేళ్ళూ దిగాయి. కొత్త చెక్కలు ఆరునెలలకు గానీ రావని స్టోరువాళ్ళు చెప్పడంతో, కింది ఊళ్ళో ఒక రైతు ఆవుల కొట్టం నుంచి నీలం రంగు తలుపు ఊడదీసి ఇచ్చాడు. దాన్నే కుడి పక్కన బిగించి మేకులు కొట్టారు. కొత్త చెక్కలు వెండెలీన్ సైన్యం వదిలేదాకా రానేలేదు.

ఆ ముగ్గురు మిత్రులూ మే నెల ప్రదర్శనకు రాబోతున్నారు. యాభై ఏళ్ళలో నలుగురూ ఒకచోట చేరడం ఇదే మొదలు. ‘మన లారీని చూపిస్తాను, రండిరా’ అని ముగ్గురికీ వెండెలీన్ ఉత్తరాలు రాశాడు. అతని కోరిక అంతే. వాళ్ళు వచ్చేసరికి లారీ బల్ల మీద ఉండాలి.

చలికాలం మొదట్లో, మేం కూర్చునే బీరుకొట్టు వెనక గదికి చెప్పుల పెట్టెలో లారీని పెట్టుకుని వచ్చాడు. మూత తీసి పురిటి బిడ్డను చూపించినట్టు చూపించాడు. క్రిష్టోఫ్ కంటికి భూతద్దం తగిలించుకున్నాడు.

‘కుడి పక్కన ఈ నీలం ముక్క ఏమిటండీ?’

‘తలుపు బాబూ. ఆవుల కొట్టం తలుపు.’

‘డ్రాయింగులో లేదే?’

‘డ్రాయింగు గీసినవాడు మంచులో ఇరుక్కోలేదు కదా!’

‘మరి ఆధారం? ఫోటో? స్టోరు రసీదు?’

‘నేను లేనటయ్యా! ఆ మేకులు కొట్టింది ఈ చేతులే.’

అప్పుడు నేను కలగజేసుకుని మెత్తగానే చెప్పాను. ‘వెండెలీన్, మనిషి ఆధారం కాదయ్యా. మనిషి మరిచిపోతాడు, బొంకుతాడు, బీరు తాగుతాడు. నియమం పదిహేడు చూడు.’

దాంతో పాటు మరో అరవై మూడు తప్పులు చూపించాం. సీటు తోలు గీతలు అడ్డంగా ఉన్నాయి. నట్లు ఒక వెంట్రుక వాసి లావు. అవన్నీ అతను నోరెత్తకుండా దిద్దుకుంటానన్నాడు. తలుపు దగ్గర మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు. మొండిఘటం! స్వయంగా చూసినవాళ్ళతో వచ్చే తంటాయే ఇది. చూశామన్న ఒక్క పాయింటు పట్టుకుని వేలాడతారు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం ముట్టకుండా కూర్చున్నాడట. ‘ద్రహా, ఆ తలుపు నిజంగా ఉండేదంటావా?’ అని భార్యను అడిగాడట.

‘నన్నడుగుతావేం? అప్పటికి నీ మొహం నేనెరగను’ అందట ఆవిడ. ‘కానీ ఆ తలుపు కథ యాభై ఏళ్ళుగా నా చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇప్పుడు లేదన్నావంటే నేనే ఊరుకోను!’

గమనించారా మా శక్తి! ఒక్క సాయంత్రంలో, చలిలో వణికిన మనిషికే ఆ చలి మీద అనుమానం పుట్టించాం. ఇంత పని ఏ డాక్టరు చేయగలడు?

అయినా వెండెలీన్ ఊరుకోలేదు. చలికాలమంతా ఫోన్లు చేశాడు, పాత బండ్లు అమ్మేవాళ్ళను పట్టుకున్నాడు, ఛాసీ నంబరు చెప్పి ప్రాధేయపడ్డాడు. మార్చిలో దొరికింది! రెండూళ్ళ అవతల లీసెక్‌లో, జ్దిస్లావా అనే ఆవిడ కోతమిల్లులో ఆ లారీ ఇంకా దుంగలు మోస్తోంది. మా ముగ్గురినీ బతిమాలి కారులో తీసుకెళ్ళాడు.

లారీ వాకిట్లోనే ఉంది. కుడి పక్కన నీలం తలుపు. రంగు సగం ఊడిపోయింది గానీ నీలమే. వెండెలీన్ దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు. ఏడ్చాడు, దాచుకోలేదు. ‘చూడండి న్యాయనిర్ణేత గారూ, ఉంది! నాకు మతి పోలేదు, ఉంది!’ అన్నాడు.

మేం మార్కుల కాయితాలు బయటికి తీశాం.

డ్రాయింగులో లేని తలుపుకు ఇరవై మార్కులు కోత. తుప్పు మరీ అతిగా వేశారు, సహజంగా లేదు, పది. చక్రాల మీది బురద రంగు నమ్మించేలా లేదు, ఎనిమిది. మడ్‌గార్డు కింద పిట్టగూడు కొలతకు మించి ఉంది, ఆరు. ఇలా లెక్క కడితే అసలు లారీకి వందకు నలభై ఒకటి వచ్చాయి. కంచు పతకానికి కూడా అర్హత లేదు! అలాంటి తప్పుల తడకను చూసి చేసిన బొమ్మ ఒప్పెలా అవుతుంది? మీరే చెప్పండి.

‘ఇది లారీ అండీ బాబూ!’ అని జ్దిస్లావా నెత్తి కొట్టుకుంది. ‘నిన్న కూడా పద్దెనిమిది దుంగలు మోసింది!’

‘మోసి ఉండవచ్చు’ అన్నాడు క్రిష్టోఫ్. ‘తప్పుగా మోసింది.’

ముప్పై రోజుల్లో లారీని సరిదిద్దుకోవాలని రాతపూర్వకంగా సలహా ఇచ్చాం. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకో! కదులుతారా, కుక్కను వదలనా?’ అందావిడ. రెండో మాట పూర్తయ్యేలోపే కుక్క వచ్చింది. మూడో న్యాయనిర్ణేత ఆ రోజు మొదటిసారి మేలుకున్నాడు.

మే నెల దగ్గర పడింది. మిత్రులు టికెట్లు కొనేశారు. ముద్ర లేకపోతే బల్ల లేదు. బల్ల లేకపోతే అంత దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఏం చూపించాలి? చెప్పుల పెట్టెనా? వెండెలీన్‌కు తల ప్రాణం తోకకొచ్చింది. ఒక ఆదివారం నీలం తలుపు ఊడదీసి, ఆ స్థానంలో డ్రాయింగు ప్రకారం ఐదు చెక్కలు బిగించి తెచ్చాడు. మేం తొంభై ఎనిమిది మార్కులూ బంగారు పతకమూ ఇచ్చాం. నూటికి నూరిస్తే మనిషికి పొగరు పెరుగుతుందని రెండు ఆపాను.

ప్రదర్శన మే నడిమిలో వచ్చింది. ముగ్గురు మంచు మునుల పండగ రోజులవి. చెట్లన్నీ పూశాక చలి ఒక్కసారి వెనక్కి తిరిగొచ్చి అందరినీ పలకరించి పోతుంది. హాల్లో హీటర్లు అప్పటికే ఆపేశారు. మిత్రులు ముగ్గురూ కోట్లు విప్పకుండానే బల్లలన్నీ రెండు చుట్లు తిరిగారు. వాళ్ళలో ఒతకర్‌కు చెవుడు, అందుకని గట్టిగా మాట్లాడతాడు. బంగారు పతకం లారీ ముందు ఆగి, ‘ఎవడో గానీ పనిమంతుడు!’ అని మెచ్చుకుని ముందుకు వెళ్ళిపోయాడు. తర్వాత బల్ల వెనకాల నిలబడ్డ వెండెలీన్ దగ్గరికి వచ్చాడు.

‘ఒరే వెండా, మన లారీ ఏదిరా? ఇంత దూరం రప్పించి చూపించవేం?’

హాలంతా విన్నది. నాకు జాలేసిందనుకుంటున్నారా? గర్వమేసింది! అందులో ఐదు రాత్రులు బతికినవాళ్ళు ముగ్గురూ గుర్తుపట్టలేనంత నిర్దోషంగా తీర్చిదిద్దాం!

వెండెలీన్ లారీని చేతిలోకి తీసుకున్నాడు. కుడి పక్క చెక్కలను బొటనవేలితో నొక్కి విరిచేశాడు. చెక్కలు ఒకటి తర్వాత ఒకటి విరిగాయి.

‘ఇప్పుడు చూడు’ అన్నాడు.

ముగ్గురూ వంగారు. ఒతకర్ మొహం ముడతలన్నీ ఒక్కసారి కదిలాయి. ‘ఓరి నీ... ఇదేరా! ఇదిగో, నేను పడుకున్న మూల! ఇక్కడేరా నువ్వు నా కాళ్ళు నీ చంకలో పెట్టుకున్నది!’

ఒకడు కాఫీ సాసరు లాక్కున్నాడు. ఇంకొకడు లైటరు తీశాడు. విరిగిన పుల్లైసు చెక్కలు సాసరులో పేర్చి అంటించారు, అగ్నిమాపక దళం హాల్లో! దళం నాయకుడు బకెట్టుతో పరుగెత్తుకొచ్చి, వాళ్ళను చూసి, బకెట్టు కింద పెట్టేశాడు. గోరంత మంట. దాని మీద నలుగురు ముసలాళ్ళు ఎనిమిది అరచేతులు చాచి నవ్వుతున్నారు, తిట్టుకుంటున్నారు, ముక్కులు తుడుచుకుంటున్నారు.

నియమం నలభై నాలుగు ప్రకారం బంగారు పతకం అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాను. వెండెలీన్ నా వైపు చూడకుండానే ఇచ్చేశాడు. పక్కకు జరగమన్నట్టు మోచేత్తో సైగ కూడా చేశాడు.

చూశారుగా, తప్పులెన్నేవాడి గొప్పతనం! మేమే లేకపోతే వాళ్ళకు విరవడానికి ఆ చెక్కలైనా ఉండేవా?

ఇక్కడితో ఆపాల్సిందే. కానీ నాకు లోపాలు దాచే అలవాటు లేదు కనక ఒకటి చెబుతాను. పతకం జేబులో వేసుకున్నాక నేనూ ఆ బల్ల అంచుకు వెళ్ళి, ఒక చెయ్యి కొద్దిగా చాచాను.

ఒతకర్ తలెత్తాడు. మర్యాదగానే అడిగాడు. ‘మీరు సైన్యంలో ఏ దళమండీ?’

‘నేను సైన్యానికి వెళ్ళలేదు. పాదాలు చదునుగా ఉన్నాయని పరీక్షలోనే ఇంటికి పంపేశారు.’

‘అయ్యో పాపం!’ అన్నాడు ఒతకర్. ‘మరి మీకు చలెందుకండీ?’ అని భుజం దగ్గరగా జరుపుకుని, మధ్యలో ఉన్న కాస్త ఖాళీ కూడా మూసేశాడు.

పాఠకులారా, నూట పన్నెండు పేజీలూ తిరగేశాను, చలికి ఆధారం ఏం చూపించాలో చెప్పే నియమం ఒక్కటీ లేదు. ఒట్టేసి చెబుతున్నాను, నమ్మండి, నాకూ చలేసింది.