పద్నాలుగో తీర్మానం

"రోడ్లు వేశాం. కాలవలు తవ్వాం. వీధి దీపాలు వెలిగించాం. ఇక మిగిలింది జనం మనసులు. వాటినీ బాగుచేసి తీరతాం!" అని పట్టణ మండలి చైర్మన్‌గారు బడ్జెట్ సభలో ప్రకటించారు. ఆ సమయానికి హాల్లో కరెంటు లేదు. బయట కాలవ పొంగి మెట్ల దాకా వచ్చింది. దాంతో మిగిలింది మనసులేనన్న మాట అందరికీ బాగా నాటుకుంది. ఒక పట్టణం తన ప్రజల మానసిక ఆరోగ్యానికి ప్రత్యేకంగా నిధి కేటాయించడం చరిత్రలో ఇదే మొదటిసారని పత్రికలవాళ్లకు పంచిన కాగితంలో రాసి ఉంది. ఆ కాగితంలో చైర్మన్‌గారి ఫొటోలు నాలుగున్నాయి. నాలుగింట్లోనూ ఆయన మనసు దివ్యంగా ఉన్నట్టే కనిపించింది.

ఆ ప్రకటనను అందరికంటే శ్రద్ధగా విన్నవాడు మండలి ఆఫీసులో మినిట్స్ గుమాస్తా. సభలో ఎవరేం మాట్లాడారో, చివరికి ఏం తీర్మానించారో మినిట్స్ బుక్కులోకి ఎక్కించడం అతని పని. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే పని. ఈ చెవిన విన్నది కాగితం మీద పెట్టి, ఆ చెవిన వదిలేయడం అతనికి బాగా అలవాటు. ఆ రోజు మాత్రం వదల్లేకపోయాడు. ఎందుకంటే ఇంట్లో తమ్ముడున్నాడు.

తమ్ముడు బస్సు డ్రైవరు. రెండేళ్ల కిందట వాలులో బ్రేకులు పడక బస్సు వెళ్లి గోడను గుద్దింది. బస్సులో ఉన్న నలభై మందిలో ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు. డ్రైవరుకైతే గీత కూడా పడలేదు. అదృష్టవంతుడివయ్యా అన్నారంతా. ఆ అదృష్టవంతుడు అప్పట్నుంచి స్టీరింగు ముట్టలేదు, గడప దాటలేదు. వదిన పెట్టింది తినడం, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం, అంతే. ఎవరెంత పలకరించినా నోరు విప్పలేదు.

చివరికి వదినే ఎక్కడో విని, చెయ్యి పట్టుకుని లైబ్రరీ వెనక గదికి తీసుకెళ్లింది. ప్రతి మంగళవారం మధ్యాహ్నం అక్కడ ఒక నర్సమ్మ కూర్చుంటుంది. చుట్టూ ఎనిమిది కుర్చీలు. నిద్ర పట్టని దర్జీ, చేతులు కడిగిందే కడిగే లెక్కల మాస్టారు, ఇలాంటివాళ్లు వస్తారు. చెప్పాలనిపిస్తే చెబుతారు, లేకపోతే ఊరికే కూర్చుంటారు. తమ్ముడు ఏడు నెలలు ఊరికే కూర్చున్నాడు. ఎనిమిదో నెలలో ఒక మంగళవారం "ఆ కిటికీ కాస్త తెరవండి" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, తన పాత రూటులో ఉన్న ఇరవై ఆరు స్టాపుల పేర్లూ వదినకు వరసగా అప్పజెప్పాడు. వదిన వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుదీరా ఏడ్చింది.

నర్సమ్మ జీతం, గది అద్దె ఇన్నాళ్లూ ఏదో ట్రస్టు ఇచ్చేది. ఈ నెలాఖరుతో ఆ ట్రస్టు చేతులెత్తేస్తోంది. ఒకటో తారీఖున గదికి తాళం పడుతుంది. సరిగ్గా ఇలాంటప్పుడు చైర్మన్‌గారి నోట మనసుల మాట వచ్చేసరికి, గుమాస్తాకు ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక చైర్మన్ మీద నిజమైన గౌరవం కలిగింది. దరఖాస్తు ఫారం తనే తీసుకెళ్లి నర్సమ్మ చేత నింపించాడు.

నిధి ఎవరికివ్వాలో తేల్చే సభలో అది పద్నాలుగో అంశం. మొత్తం పన్నెండు దరఖాస్తులు. మొదటిది చైర్మన్‌గారి బావమరిది, కాంట్రాక్టరుగారిది. ఊరి మొదట్లో ముప్ఫై అడుగుల ఎత్తున నవ్వు ముఖం కట్టిస్తాడట, సిమెంటుతో.

"ఊళ్లోకి వచ్చేవాడు ఆ ముఖం చూడగానే పకపకా నవ్వాలి బావగారూ... అదే, అధ్యక్షా!"

"మరి ఊళ్లోంచి వెళ్లిపోయేవాడి సంగతేంటి?" అని ప్రతిపక్ష నాయకుడు లేచాడు.

"వెళ్లేవాళ్లకి వెనక వైపు కనిపిస్తుంది కదండీ. అటు చైర్మన్‌గారి ముఖం పెడతాం."

తర్వాత టై కట్టుకున్న కన్సల్టెంటు ఒకాయన తెర మీద రంగురంగుల గీతలు చూపించాడు. ప్రస్తుతం ఊరి సంతోషం నలభై మూడు శాతమట. నిధి తనకిస్తే ఏడాది తిరక్కుండా అది డెబ్బై అయినట్టు అదే తెర మీద చూపిస్తానని హామీ ఇచ్చాడు. ఆరోగ్య కమిటీ పెద్దాయన, మండలి ఆఫీసుకు లేత ఆకుపచ్చ రంగు వేయిస్తే చూసినవాళ్ల మనసులు కుదుటపడతాయని, ముందు తన చాంబరుతో మొదలుపెట్టమని సూచించాడు. సభలో ఇంత మేధస్సు ఒక్కచోట చేరడం అరుదు.

అసలు చర్చ అప్పుడు మొదలైంది.

"మా వార్డులో మనసు బాగాలేనివాళ్లు మూడొందల మంది. సగం నిధి మాకే రావాలి" అన్నాడు ప్రతిపక్ష నాయకుడు.

పాలకపక్షం సభ్యురాలికి అది తలవంపులుగా తోచింది. "మూడొందలేనా? మా వార్డులో అయిదొందలు. అనుమానముంటే వచ్చి లెక్కపెట్టుకోండి!"

"మీ వార్డులో ఉన్న జనమే మూడొందల యాభై కదమ్మా!"

"అయితే ఏం? కొందరికి రెండేసి బాధలున్నాయి."

చైర్మన్‌గారు బల్ల చరిచారు. "వార్డుకీ వార్డుకీ మధ్య వివక్ష నేను సహించను. వార్డుకు నలభై మంది చొప్పున దిగులుపడండి. ఒక్కరు ఎక్కువైనా ఊరుకోను, తక్కువైనా ఊరుకోను."

సభ చప్పట్లతో మారుమోగింది. నర్సమ్మది ఆఖరి వంతు, మూడు నిమిషాలు. ఆవిడ లేచి నిలబడేసరికి టీ వచ్చింది. మొదటి రెండు నిమిషాలూ కప్పుల పంపకాలకే సరిపోయాయి.

"ఒక గది అద్దె, ఒక జీతం సార్. అంతే" అంది.

"అంతేనా?" చైర్మన్‌గారు నీరుగారిపోయారు. "చూడమ్మా, నువ్వు మంచిదానివే. కానీ ఇందులో నేను ప్రారంభించడానికేముంది? రిబ్బను ఎక్కడ కట్టను? ఎనిమిది మంది కూర్చుంటారంటున్నావు. కూర్చోవడాన్ని ఎలా ప్రారంభిస్తారు?"

"కూర్చుని మాట్లాడతారు సార్."

"ఏం మాట్లాడతారు?"

నర్సమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "మొన్న ఒకతను కిటికీ తెరవమన్నాడు సార్."

సభంతా గొల్లుమంది. సభలో నవ్వులు రేగితే బ్రాకెట్లో 'నవ్వులు' అని రాయడం రూలు. ఆ నవ్వు మాత్రం గుమాస్తా రాయలేదు. ఇంతలో చైర్మన్‌గారి బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది. ఆయన దాని వెంట చెంచాతో పడ్డారు. మూడు నిమిషాలూ అయిపోయాయి.

సిమెంటు ముఖానికి పళ్లు కనిపించాలా వద్దా అన్న దగ్గర ఏకాభిప్రాయం కుదరక ప్రతిపక్షం వాకౌట్ చేసింది. అప్పటికి భోజనాల వేళ కావడంతో పాలకపక్షం కూడా వాళ్ల వెనకే బయటికొచ్చింది. "అన్నీ పరిశీలించి తగిన నిర్ణయం తీసుకున్నాం" అంటూ చైర్మన్‌గారు కారెక్కారు. ఏ నిర్ణయం అన్నది ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. గుమాస్తా పుస్తకంలో పదమూడు తీర్మానాలున్నాయి. పద్నాలుగో అంకె పక్కన ఖాళీ.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి తమ్ముడు వాకిట్లో నిలబడి ఉన్నాడు. వాకిట్లో! రెండేళ్లలో తనంతట తాను అంత దూరం రావడం అదే మొదలు.

"అన్నయ్యా, మంగళవారం ఉంటుందా?"

గుమాస్తా "ఉండకేం రా! ఎందుకుండదూ?" అనేశాడు. అనేశాక భార్య మొహం వంక చూసే ధైర్యం లేక, చెప్పుల కోసమని వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

మర్నాడు ఆఫీసులో బుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మండలి రూలు ప్రకారం, మినిట్స్ బుక్కులో ఉన్నదే జరిగినట్టు. లేనిది, నలుగురూ కళ్లారా చూసినా సరే, జరగనట్టే. పైగా ఆ బుక్కును ఇంతవరకు ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఆరేళ్ల కిందట ఒకసారి కాగితాలు కలిసిపోయి, ఇంటికి కావలసిన సరుకుల చీటీ కూడా మినిట్స్‌తో పాటు బుక్కులోకి ఎక్కిపోయింది. మూడు కిలోల ఉల్లిపాయలు, ఒక బట్టల సబ్బు. సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ ఉల్లిపాయలు నేటికీ రికార్డులో ఉన్నాయి.

కానీ ఉల్లిపాయలు వేరు, ప్రభుత్వ సొమ్ము వేరు. దొరికితే ఉద్యోగం ఊడుతుంది, పెన్షను గోవిందా. గుమాస్తా లేచి నీళ్లు తాగాడు. మళ్లీ కూర్చున్నాడు. పెన్ను తీసి రాశాడు: "సుదీర్ఘమైన, ఉన్నతస్థాయి చర్చ అనంతరం, లైబ్రరీ వెనక గదిలో నర్సు నడుపుతున్న మంగళవారం బృందానికి అద్దె, జీతం ఆరు నెలల పాటు మండలి నిధి నుంచి చెల్లించుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఏడాది అని రాద్దామనుకున్నాడు గానీ, అంత గుండెధైర్యం చాల్లేదు.

సంతకానికి తీసుకెళ్తే చైర్మన్‌గారు ఫోన్లో ఉన్నారు. "ఎక్కడయ్యా?" అన్నట్టు కళ్లతో అడిగారు. గుమాస్తా వేలు పెట్టి చూపించాడు. ఆయన ఆ వేలి పక్కనే సంతకం గీకి, "సిమెంటు రేటు ఎంత చెప్పాడూ?" అని ఫోన్లోకి వెళ్లిపోయారు.

తరువాతి సభలో పాత మినిట్స్ చదివి వినిపించాలి. పద్నాలుగోది వచ్చేసరికి గుమాస్తా గొంతు తగ్గించాడు. ఎలాగో చదివాడు. "అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అన్నారు చైర్మన్‌గారు గడియారం చూసుకుంటూ. ఎవరికీ లేవు. మొదటి తారీఖున లైబ్రరీ వెనక గదికి తాళం పడలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. నర్సమ్మ కృతజ్ఞత పట్టలేక స్థానిక పత్రిక విలేకరికి చెప్పింది. తెల్లారేసరికి మొదటి పేజీలో వార్త: 'మనసున్న మండలి'. పదిన్నరకు చైర్మన్‌గారి చాంబరు నుంచి పిలుపు.

గుమాస్తా ముందు ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమండీ, ఏమైంది? గొంతేంటి అలా ఉంది?" అంది భార్య.

"ఏం లేదు. వాణ్ని ఈ మంగళవారం కూడా తప్పకుండా తీసుకెళ్లు" అని పెట్టేశాడు.

లోపలికి వెళ్లేసరికి చైర్మన్‌గారి ఎదురుగా విలేకరి. చైర్మన్‌గారు రుమాలుతో కళ్లు ఒత్తుకుంటున్నారు.

"ఆ రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుందయ్యా. ఆ తల్లి లేచి నిలబడి, కిటికీ తెరవమన్నాడు సార్ అంది. సభంతా సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. నాకు దుఃఖం ఆగలేదు. సిమెంటు ముఖాలా మనకు కావలసింది? మనుషుల ముఖాలు! అన్నాను. అక్కడికక్కడే ప్రకటించాను. రాసుకో."

విలేకరి రాసుకుని వెళ్లాడు. మధ్యాహ్నం ప్రతిపక్ష నాయకుడు ప్రెస్‌మీట్ పెట్టి, తాము వాకౌట్ చేస్తే గానీ పాలకపక్షం దిగిరాలేదని, ఆ బృందం తమ పోరాట ఫలితమని ప్రకటించాడు. ఆరోగ్య కమిటీ పెద్దాయన ఆ ఆలోచన అసలు తన చాంబరులో పుట్టిందన్నాడు. కన్సల్టెంటు ఊరి సంతోషాన్ని నలభై తొమ్మిదికి పెంచాడు. సభలో ఉన్న ప్రతివాడికీ ఆ చర్చ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. జ్ఞాపకం లేనివాడు ఒక్క గుమాస్తాయే.

మర్నాడు మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి చైర్మన్‌గారి ముందు మినిట్స్ బుక్కు తెరిచి ఉంది. ఎవరైనా ఆ బుక్కు తెరవగా చూడటం గుమాస్తాకు ఇదే మొదలు. పక్క కుర్చీలో ప్రతిపక్ష నాయకుడు. ఇద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయి. గుమాస్తా ఇక అయిపోయిందనుకున్నాడు.

"ఏంటయ్యా ఇది?" అన్నారు చైర్మన్‌గారు పద్నాలుగో తీర్మానం మీద వేలితో కొడుతూ.

"సార్, అది... నేను..."

"అరగంట మాట్లాడాను నేను! అరగంట! ఒక్క ముక్కైనా రాశావా? సుదీర్ఘ చర్చ అని ఒక్క మాటతో తేల్చేస్తావా?"

"నా పోరాటం మాటేంటి?" అన్నాడు ప్రతిపక్ష నాయకుడు. "రేపు చరిత్రకారులు చదివితే నేను సభలో ఉన్నట్టే తెలియదు!"

గుమాస్తా ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.

"పొరపాటైపోయింది సార్. సవరణ రాసేస్తాను, చెప్పండి" అని పెన్ను తీశాడు. చైర్మన్‌గారు చెప్పారు, అతను రాశాడు. ప్రతిపక్ష నాయకుడు చెప్పాడు, అదీ రాశాడు. మూడు పేజీలు నిండాయి. చివర్లో గుమాస్తా పెన్ను ఆపి, తల గోక్కున్నాడు.

"సార్, ఆ రోజు మీరు ఇంకో మాట కూడా అన్నట్టు గుర్తు. ఒక నర్సమ్మ చాలదు, ఇంకొకరిని వేయాలని..."

చైర్మన్‌గారు గుమాస్తాను తేరిపార చూశారు.

"అన్నాను" అన్నారు. "చాలా గట్టిగా అన్నాను."

"అధ్యక్షా, ఆ మాట ముందు అన్నది నేను!" ప్రతిపక్ష నాయకుడు కుర్చీలోంచి లేచాడు.

"ఇద్దరూ ఒకేసారి అన్నారు సార్" అని గుమాస్తా రాసుకున్నాడు. రాసి, పెన్ను నిబ్బు తుడిచి, తల వంచుకునే వినయంగా అడిగాడు. "మరి ఆరు నెలలు కాదు, అయిదేళ్లివ్వాలి అన్నది ఎవరు సార్?"

ఇద్దరూ చెయ్యెత్తారు.