పెట్రోలుకు దిగిన పిల్లకు సన్మానం

శాలువా పడని ఘనత మా కృష్ణా డెల్టాలో చెల్లదు. ఇది చట్టంలో ఉందో లేదో నాకు తెలియదు, నా చదువు మూడో తరగతి. కానీ డెబ్బై ఆరేళ్లుగా చూస్తున్నాను, శాలువా లేకుండా మా వైపు చేతిపంపు కూడా ప్రారంభం కాలేదు.

మా మనవరాలు వినీల విమానం నడుపుతుంది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడి సంచికి చోటుండని బుల్లి విమానం. అది నేర్చుకుంటానన్న రోజున మా మరిది జక్కయ్య ఇంటికొచ్చి మరీ అడ్డుపడ్డాడు. భవానీపురంలో చర్చి సంఘానికి అధ్యక్షుడాయన.

"వదినా, రెక్కలు దేవదూతలకిచ్చాడు దేవుడు. ఆడపిల్లకి కుట్టుమిషను చాలు" అన్నాడు. ఆరేళ్ల కిందటి మాట.

ఈ ఏడు చెన్నై నుంచి భువనేశ్వర్ దాకా చిన్న విమానాల పందెం పెట్టారు. మొదటొచ్చినవాళ్లకు ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నేర్పే ఉద్యోగం. వినీల ఆశంతా దాని మీదే. దారిలో గన్నవరంలో దిగి పెట్రోలు పోయించుకోవాలి.

"నానమ్మా, నేల మీదున్నా పందెం గడియారం ఆగదు. పావుగంటలో లేచిపోవాలి. ఎవరికీ చెప్పకు, నువ్వొక్కదానివే రా" అంది ఫోన్లో.

నేనెవరికీ చెప్పలేదు. ఉయ్యూరు నుంచి వెళ్లడానికి కారు కావాలి కదా అని జక్కయ్యకు చెప్పాను. అంతే.

మర్నాటికి బెంజ్ సర్కిల్లో ఫ్లెక్సీ లేచింది. 'గగన విజేత వినీలకు సుస్వాగతం. ప్రోత్సాహం: జక్కయ్య గారు.' పందెం ఇంకా మొదలే కాలేదు. జక్కయ్య ముఖం బండిచక్రమంత, పిల్ల ముఖం తపాలాబిళ్లంత.

"అదేంటయ్యా, పిల్ల కనపడటంలేదే?" అన్నాను.

"పైలట్ కదా వదినా. పైన దూరంగా ఉన్నట్టు వేయించా."

పందెం రోజున పిల్ల అందరికంటే ముందు దిగింది. వెనకాల విమానం ఇంకా పన్నెండు నిమిషాల దూరంలో ఉందట. జక్కయ్య ఎవరెవరినో పట్టుకుని పదిమందికి పాసులు సంపాదించాడు. పెట్రోలు కాగితాల మీద సంతకం పెట్టడానికి పిల్ల పక్క షెడ్డులోకి రాగానే మైకు, బల్ల, దండలతో చుట్టుముట్టాం.

"ఈ బిడ్డలోని పైలట్‌ని ఆనాడే గుర్తించిన ఏకైక వ్యక్తిగా..." అని అందుకున్నాడు జక్కయ్య.

"చిన్న తాతయ్యా, టైమవుతోంది" అని పిల్ల లేచింది. లేచిన భుజాల మీద శాలువా కప్పి కూర్చోబెట్టారు. మహిళా సమాజం తెరేసమ్మ గారు ప్రార్థనలో మన రాష్ట్రాన్నీ, పక్క రాష్ట్రాలనూ కలిపారు. పిల్ల మళ్లీ లేచింది. ఇంకో శాలువా. "కళ్లు మూశావమ్మా, ఇంకొక్క ఫోటో" అన్నారెవరో. నన్నూ రెండు ముక్కలు చెప్పమంటే చెప్పి కూర్చున్నాను.

ఈలోగా రెండో విమానం దిగింది, పెట్రోలు పోయించుకుంది, లేచిపోయింది. నడిపేది ఎక్కడో నాగపూర్ కుర్రాడట. పాపం, ఈ ఊళ్లో చుట్టాలెవరూ లేరు. ఒక్క శాలువా కూడా పడకుండా వెళ్లిపోయాడు. నాకు జాలేసింది.

సాయంత్రానికి కబురొచ్చింది. పిల్ల అయిదు నిమిషాల తేడాతో రెండోదయింది. ఉద్యోగం నాగపూర్ వెళ్లింది.

నేను కోపం పట్టలేక జక్కయ్యకు ఫోన్ చేశాను. "నీ ఉపన్యాసమే పిల్ల కొంప ముంచిందయ్యా."

ఆయన ఫోన్ పెట్టేశాడు. సన్మానం వీడియో పంపించాడు. మా కోడలు స్టెల్లా దాన్ని నా ముందు పెట్టి నిమిషాలు లెక్కగట్టింది. జక్కయ్య ఉపన్యాసం నాలుగు నిమిషాలు, తెరేసమ్మ గారి ప్రార్థన మూడు.

నా రెండు ముక్కలు ఎనిమిది.

పిల్ల పుట్టిన రాత్రి కురిసిన వానతో మొదలుపెట్టి, నేను దాన్ని కాన్వెంటులో వేసిన రోజు దాకా వచ్చానట. విమానం ఊసు ఇంకా ఎత్తనే లేదు, వెనకాల పిల్ల నిలబడి వాచీ చూసుకుంటోంది.

రాత్రి వినీలే ఫోన్ చేసింది. "వచ్చే ఏడు మళ్లీ ఎగురుతా నానమ్మా. ఎక్కడ దిగుతానో మాత్రం నీక్కూడా చెప్పను" అంది.

"మంచిది తల్లీ" అని భుజం మీద శాలువా సర్దుకున్నాను. ఆ రోజు నాకూ ఒకటి కప్పారు, చెప్పడం మరిచాను. ఆకుపచ్చది, జరీ అంచు.