శాలువాతో వచ్చిన కుక్క

డాక్టర్ వాసుదేవరావు గారి మీద హేమచంద్రకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన శాలువా కప్పారు.

కప్పకుండా ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. వాసుదేవరావు గారు జర్మనీలోని కార్ల్స్‌రూహె ఊరి తెలుగువాళ్ళకు పెద్దదిక్కు. నలభై ఏళ్ళ కిందట వచ్చిన గుండె డాక్టరు, తెలుగు సంఘానికి శాశ్వత అధ్యక్షుడు. హేమచంద్ర ఆ సంఘానికి శాశ్వత వంటవాడు. నిజామాబాదులో తొమ్మిదో తరగతి మధ్యలో బడి నుంచి మంచినీళ్ళు తాగడానికని బయటికి వచ్చి, తిరిగి వెళ్ళడం కుదరనివాడు. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడొక ఇండియన్ రెస్టారెంటులో తందూరీ పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. సంఘం సభల్లో డాక్టర్లది మొదటి వరస, బ్లూ కార్డు వీసా మీద వచ్చిన ఇంజినీర్లది రెండో వరస. వంటవాడికి వరస ఉండదు, గరిటె ఉంటుంది.

ఆ ఉగాదికి మాత్రం అతన్ని వేదిక మీదికి పిలిచారు.

"మన కడుపులు నింపిన ఈ మహనీయుడి రుణం తీర్చుకోగలమా?" అన్నారు వాసుదేవరావు గారు మైకులో. "అయినా ఉడతాభక్తిగా ఒక చిరుకానుక. ఫిన్లండు మంచులో రెయిన్‌డీర్ మందల్ని కాసే అపురూపమైన జాతి! ఈ దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టగల ఇళ్ళలో మాత్రమే ఉంది. ఇకపై మన హేమచంద్ర ఇల్లు అందులో ఒకటి!"

శాలువా భుజం మీద పడింది. గొలుసు చేతిలో పడింది. గొలుసు రెండో కొసన నల్లటి బొచ్చుకుక్క.

ఆ కుక్కను డాక్టరు గారు హోదా కోసం తెప్పించుకున్నారనీ, మూడు నెలలుగా అది ఆయన్నీ భార్య శ్యామలాదేవి గారినీ హాల్లో ఒక మూలకు తోలి కాపలా కాస్తోందనీ ఆ సభలో సగం మందికి తెలుసు. తెలిసినవాళ్ళే ఎక్కువ చప్పట్లు కొట్టారు. తెలిసినవాళ్ళలో హేమచంద్ర కూడా ఉన్నాడు. కానీ బతుకులో మొదటి శాలువా. కప్పుతుంటే వద్దన్న తెలుగువాణ్ణి మీరెక్కడైనా చూశారా?

"ఏందయ్యా గిది?" అంది బాలామణి తలుపు తీసి.

"సన్మానం."

"సన్మానం మొరుగుతదా?"

మొరిగింది. అది తిండి కన్నా ముందు పని అడిగే జాతి. వాన పడినా మంచు పడినా రోజుకు మూడు గంటలు నడిపించాలి. బొచ్చు దువ్వితే రెండో కుక్క తయారయ్యేంత వస్తుంది. ఇంట్లో ఎవరైనా విడిగా కనిపిస్తే దానికి నచ్చదు. ఫోను పట్టుకుని సోఫాలో పడుకున్న కూతురు తన్విని మడమల దగ్గర మొరిగి మొరిగి చదువుకునే బల్ల దాకా తోలేది. ఆ ఏడు తన్వికి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. బాలామణి దానికి పంతులమ్మ అని పేరు పెట్టింది.

పంతులమ్మకు నాలుగు తరాల వంశవృక్షం, ముద్రలతో సహా ఉంది. ఆ ఇంట్లో ముద్ర ఉన్న సర్టిఫికెట్ అదొక్కటే. తాత పేరుకు మించి తెలియని హేమచంద్ర దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు.

ఇంతవరకూ అంతా గౌరవంగానే ఉంది. గొడవల్లా తోట దగ్గర వచ్చింది.

ఊరి చివర తోటల సంఘం కౌలుకిచ్చే చిన్న తోట ఒకటి హేమచంద్రకు ఉండేది. ఏడేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉండి సంపాదించింది. జర్మనీలో అతని పేరు రాసి ఉన్న గేటు అదొక్కటే. లోపల అతను ఎవరికీ వంటవాడు కాడు. గోంగూర వేసుకుని, దాని పక్కన కుర్చీ వేసుకుని, రైతులా విసుక్కునేవాడు.

పంతులమ్మ తోటను చూసింది. చుట్టూ రిటైరైన జర్మన్లు ఎవరి తోటలో వాళ్ళు చెల్లాచెదురుగా ఉండటం చూసింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా చీమ కూడా చప్పుడు చేయకూడని వేళలో నలుగురు వృద్ధుల్ని బీరు గ్లాసులతో సహా ఎరువుకుప్ప దగ్గరికి చేర్చింది.

తోటల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు ముప్పై లోపు కుక్క, యజమాని ఇద్దరూ పరీక్ష పాస్ కావాలి, లేకపోతే కౌలు రద్దు.

ముప్పై నాలుగేళ్ళ తర్వాత హేమచంద్ర మళ్ళీ బడికి వెళ్ళాడు, కుక్కల బడికి. రాత్రి పొయ్యి ఆర్పి వచ్చి పుస్తకం ముందు కూర్చుంటే తన్వి ప్రశ్నలడిగేది. "నైన్, కాదు పాపా! మళ్ళీ తప్పు!" పుస్తకం మూసి లేవబోతే పంతులమ్మ తలుపుకు అడ్డంగా నిలబడేది.

పొద్దున మైదానంలో కుక్కకు పరీక్ష. అతన్ని పక్కన నడిపించుకుంటూ, ఆగమన్నచోట ఆపి, కూర్చోమన్నచోట తను కూర్చుని, పంతులమ్మ పాసైంది. మధ్యాహ్నం గదిలో యజమానికి. పదకొండో ప్రశ్న: మీ కుక్క మనుషుల్ని గుంపుగా చేరుస్తుంటే మీరేం చేస్తారు? ఎంచుకోవడానికి మూడు జవాబులిచ్చారు. అతను చేసేది వాటిలో లేదు. నిజాయితీగా పక్కన రాశాడు: "గుంపులో చేరతాను."

ఇలాంటి నిజాయితీల వల్ల పరీక్ష తప్పాడు. మళ్ళీ రాయడానికి టెర్మిన్, అంటే తేదీ, నవంబరులో దొరికింది. తోట సెప్టెంబరులోనే పోయింది.

దీపావళికి తెలుగు సంఘం పంతులమ్మను సన్మానించింది. "జర్మన్ పరీక్షలో నెగ్గిన మన తెలుగు కుక్క!" అన్నారు వాసుదేవరావు గారు. "మరో శుభవార్త. ఆరేళ్ళుగా వెయిటింగ్ లిస్టులో ఉన్న నాకు ఈ నెలే ఒక తోట దక్కింది. ఈ రోజు మీరు తినే గోంగూర పచ్చడి అందులోదే!"

పచ్చడి నూరింది హేమచంద్రే. ఆ ఆకును అతను ముట్టుకోగానే గుర్తుపట్టాడు. అయినా మైకు దగ్గర చప్పట్లు మొదలైతే, గరిటె చంకలో పెట్టుకుని తనూ కొట్టాడు.

శాలువా కప్పారు. పంతులమ్మ ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుంది. శాలువా కింద పడింది. అది వేదిక దిగి, మొదటి వరస దాటి, రెండో వరస దాటి, బయటికి వెళ్ళిపోయింది.

అలా కూడా చేయవచ్చునని హేమచంద్రకు అప్పుడు తెలిసింది. ఆ పాఠానికి అతను చెల్లించిన ఫీజు రెండు వందల పద్దెనిమిది చదరపు మీటర్లు, ఆరు మళ్ళ గోంగూరతో సహా.