‘ఇంకొంచెం’ నుంచి ఫోన్

ప్రపంచంలో ఆకలన్నది లేకుండా చెయ్యాలని కంకణం కట్టుకున్న ఆవిడ, ఆ ఉదయం మాత్రం వంట తగ్గించాలని నిర్ణయించింది. కారణం లేకపోలేదు. ఆవిడ వంటశాల నడుస్తున్న అద్దె షెడ్డును నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. సొంత వంటశాల కట్టిస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది గానీ, ఆ మధ్యాహ్నం వాళ్ల అధికారి వచ్చి చూసేసరికి మెతుకు కూడా మిగలకూడదని షరతు పెట్టింది. మిగిలిందా, రోజూ గిన్నె పట్టుకుని వరసలో నిలబడే వాళ్లందరి నోటి దగ్గర కూడు పోయినట్టే.

"ఏమండీ, వంటమాస్టారికి ఫోన్ చేసి ఇవాళ కాస్త తగ్గించి వండమనండి. ఈలోపు నేను తయారవుతా," అంది భర్తతో.

ఆయన బ్యాంకులో మేనేజరుగా రిటైరైన మనిషి. ఫోన్ చేస్తే ముందు సంస్థ పేరు చెప్పి తీరాలి, తర్వాతే అసలు సంగతి. ఆ సంస్థ పేరు ‘ఇంకొంచెం’. ఆకలేసినవాళ్లు సిగ్గుపడి అడగలేని మాట అదేనని ఆవిడ ఎంతో ప్రేమగా పెట్టుకున్న పేరు. నిన్ననే పనిలో చేరిన వంటమాస్టారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

"హలో! ఇంకొంచెం..." అన్నాడాయన గంభీరంగా.

"అలాగేనండి!" అని అవతల ఫోన్ పెట్టేశాడు వంటమాస్టారు.

"మాట పూర్తి కానివ్వడేం!" అనుకుని ఈయన మళ్లీ చేశాడు. "నేనయ్యా, ఇంకొంచెం..."

"సరే సరే, చూస్తాగా!"

మూడోసారి చెవిటివాడికి చెప్పినట్టు ఒత్తి ఒత్తి చెప్పాడు. "ఇం... కొం... చెం!"

"అంత కోపం దేనికండీ? పెద్ద గుండిగ దించేస్తున్నా!"

దించేది పొయ్యి మీద నుంచేనని, వంట తగ్గినట్టేనని ఈయన సంబరపడ్డాడు. వంటమాస్టారు దించింది అటక మీద నుంచి.

షెడ్డులో అడుగు పెట్టగానే ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎదురుగా అన్నం కొండంత ఉంది. "అయ్యగారు ఇంకొంచెం, ఇంకొంచెం అని ఒకటే గోలండీ," అన్నాడు వంటమాస్టారు గర్వంగా. ఆవిడ భర్త వైపు చూసిన చూపుకి ఆ అన్నం మరోసారి ఉడికేదే.

"మర్యాదగా మాట్లాడటం కూడా తప్పేనా?" అని ఆయన చిన్నబుచ్చుకున్నాడు. తప్పు దిద్దుకోవాలన్న ఆరాటంలో ఆవిడకి చెప్పకుండానే హోటళ్లకీ, క్యాంటీన్లకీ, బేకరీకీ ఫోన్లు కలిపాడు. వచ్చి అన్నం పట్టుకెళ్లండని చెప్పాలని ఆయన ఉద్దేశం. కానీ ఆ సంస్థ నుంచి ఫోన్ వచ్చిందంటే మిగిలినవి అడగడానికేనని వాళ్లకి అలవాటు.

"ఇంకొంచెం నుంచి మాట్లాడుతున్నా. అన్నం..."

"చెప్పక్కర్లేదండీ! మీకు శ్రమెందుకు, మేమే పంపిస్తాం!"

అరగంటలో వ్యాన్లు బారులు తీరాయి. అన్నం మీద అన్నం, కూర మీద కూర, బుట్టల్లో రొట్టెలు. అసలే ఇరుకు వీధి, ఎదురెదురుగా రెండు వ్యాన్లు బిగుసుకుపోయాయి. వాటి వెనక బస్సులు, ఆ వెనక కార్లు. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి.

ఆవిడకి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటుంటే బస్సు కిటికీలోంచి ఓ పిల్ల, రొట్టెల బుట్ట వైపు చూస్తూ వాళ్లమ్మ చెంగు లాగడం కనిపించింది. వెనక సీట్లో ముసలాయన కూడా బుట్ట వైపే చూస్తున్నాడు.

"ఆకలి ఎక్కడుందా అని లోకమంతా వెతుకుతున్నామండీ!" అంది ఆవిడ ఒక్కసారిగా గొంతెత్తి. "ఇదిగో, మన గుమ్మం ముందే హారన్ కొడుతోంది! గరిటెలు పట్టండి!"

ఇక చూడాలి ఆ సందడి. ముందు రోజూ వచ్చేవాళ్ల గిన్నెలు నిండాయి. తర్వాత వాళ్లే బస్సు కిటికీల్లోకి పళ్లేలు అందించారు. జరిమానా రాయడానికొచ్చిన ట్రాఫిక్ పోలీసు ఈల జేబులో పెట్టుకుని పళ్లెం పట్టాడు.

కారులో చిక్కుకున్న ఓ టై పెద్దమనిషి మూడుసార్లు వడ్డించుకుని, "బ్రహ్మాండం! ఇంతకీ ఎవరిదండీ ఇది?" అని అడిగాడు.

"ఇంకొంచెం," అన్నాడు భర్త మర్యాదగా.

"వద్దు బాబూ, ఇక పొట్ట పట్టదు! ఎవరిదో చెప్పండి చాలు!"

అది సంస్థ పేరని తెలిసేసరికి పెద్దమనిషి నోరు తెరిచాడు. తనిఖీకి రావాల్సిన అధికారి ఆయనే. షెడ్డులోకి వెళ్లి గుండిగల్లోకి తొంగి చూశాడు. అన్నీ అద్దాల్లా ఉన్నాయి. "ఒక్క మెతుకు మిగల్లేదమ్మా. వంటశాల మీదే!" అన్నాడు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

ఆ పూట ఆ వీధిలో పస్తున్నది, ప్రపంచ ఆకలి మీద యుద్ధం ప్రకటించిన ఆవిడ ఒక్కతే.