తిరిగి వెళ్ళిపోతానన్న మొగుడు

ఒక పెద్ద అడవిలో ఒక వాగు. వాగుకి ఈ పక్క తూర్పడవి, ఆ పక్క పడమటడవి. ఒకప్పుడు రెండూ ఒకటే. ఎప్పుడో రెండు సింహాలకి ఒక దుప్పి దగ్గర మాట పట్టింపు వచ్చి అడవిని పంచుకుని, వాగు దగ్గర ఒక గేటు పెట్టాయి. సింహాలు పోయాయి, దుప్పి ఎముకలూ పోయాయి, గేటు మాత్రం మిగిలింది.

తూర్పడవి ఏదుపంది పైడయ్య, పడమటడవి గైరమ్మని పెళ్ళి చేసుకున్నాడు. మొగుణ్ణి తన దగ్గర శాశ్వతంగా ఉండనివ్వమని గైరమ్మ దరఖాస్తు పెట్టి రెండు వానాకాలాలైంది. అది నివాసాల అధికారి తాబేలు దగ్గరుంది. తాబేలు చేతిలో పడ్డ కాగితం గురించి వేరే చెప్పాలా?

ఈలోగా గైరమ్మకి నెలలు నిండాయి. ఏదుపంది పిల్లలు మెత్తటి ముళ్ళతో పుడతాయి. అవి గట్టిపడేదాకా తండ్రి బొరియ నోటికి అడ్డంగా కూర్చోవాలి. వాళ్ళలో అది ఆచారం. పాములున్న అడవిలో అవసరం కూడా. తండ్రి లేకపోతే పిల్ల దక్కదు. అందుకని పైడయ్య, చుట్టపుచూపుగా వెళ్ళొస్తానంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

గేటు దగ్గర అధికారి తొండ. అది ప్రతి మాటకీ తలాడిస్తుంది. ఒప్పుకుందనుకుని కొత్తవాళ్ళు మురిసిపోతారు.

"చూడ్డానికి వచ్చినవాడు తిరిగి వెళ్ళాలి," అంది తొండ. "నీ పెళ్ళాం లోపలుంది. నిన్ను శాశ్వతంగా ఉండనివ్వమన్న దరఖాస్తు కూడా లోపలుంది. వెళ్తావని నమ్మకమేమిటి?"

పైడయ్య ఉన్నమాట చెప్పాడు. "ఉండమంటే ఉంటానయ్యా. పొమ్మంటే పోతాను. మీరెలా చెప్తే అలాగే."

తొండ తలాడించింది. ఆడించి, ఆ రెండు మాటలూ పట్టే గడి తన కాగితంలో లేదని వెనక్కి పంపేసింది.

గేటుకి పది అడుగుల దూరంలో ఎప్పుడూ ఒక నక్క కూర్చుని సలహాలిస్తూ ఉంటుంది. ఊరికే ఇవ్వదు, ఆ సంగతి వదిలేద్దాం. పైడయ్య గోడు విని జాలిగా నవ్వింది.

"పెళ్ళాంతో ఉండాలని ఉన్నవాణ్ణి వాళ్ళు రానివ్వరు తమ్ముడూ. ఉండలేనివాణ్ణే రానిస్తారు."

వెంటనే ఒక టేకాకు తీసి రాసేసింది. గైరమ్మ నోటికి తట్టుకోలేననీ, ఆమె వంట గొంతు దిగదనీ, అత్తగారింట కంటికి కునుకు రాదనీ, కనుక నెల మించి ఉండడం తన వల్ల కాదనీ. సాక్షులుగా రెండు కాకుల్ని పిలిచింది. పైడయ్యకి మనసొప్పలేదు. కానీ పుట్టబోయే పిల్ల కళ్ళముందు మెదిలింది. కాలిముద్ర వేశాడు.

తొండ ఆకు చదివింది. దానికీ సంసారం ఉంది. ఈసారి నిజంగానే తలాడించి, "నెలంటే కష్టమేమో, పక్షం చాలా?" అని ఆప్యాయంగా అడిగి మరీ లోపలికి పంపింది.

గేటు దగ్గర ఇచ్చిన కాగితం చివరికి తాబేలు ఫైలులోకే చేరుతుందని నక్కకి తెలియదు. అది ఏనాడూ గేటు దాటి చూసింది కాదు.

నాలుగోనాడు తాబేలు మొగుడూ పెళ్ళాలిద్దరినీ పిలిపించింది. టేకాకు మీదున్నదంతా, ఒక్క ముక్క వదలకుండా, తీరిగ్గా చదివింది. ఇది ఉత్తుత్తి పెళ్ళనీ, దరఖాస్తు కొట్టేస్తున్నాననీ, ఇతణ్ణి ఈ పూటే వాగు దాటించాలనీ చెప్పింది.

గైరమ్మ ఆ చివరి మాటలు వినలేదు. ఆమె వంట దగ్గరే ఆగిపోయింది. ఒంటి మీది ముళ్ళన్నీ లేచాయి.

"నా వంట గొంతు దిగదేటి మావా? మొన్న నా వాటా దుంప కూడా తిన్నదెవరు? కునుకు రాదా? నీ గురకకి పక్క బొరియ ముంగిస ఇల్లే మార్చేసింది."

అది నక్క రాసిందని పైడయ్య గొణిగాడు.

"రాసింది నక్కే. కాలు ఎవరిది?" అంటూ గైరమ్మ వెనక్కి తిరిగి, ఏదుపందుల పద్ధతిలో, వీపుతో ఒక్క పోటు పొడిచింది. పైడయ్య మూతిలో మూడు ముళ్ళు దిగబడ్డాయి.

అతను వాటిని పీక్కోలేదు. "తిట్టు, ఎంతైనా తిట్టు. ముందు కూర్చో. నిండు నెలలు. పిల్ల ముళ్ళు గట్టిపడ్డాక పొమ్మంటే పోతాను."

"ఎక్కడికి పోతావు? గడప దాటితే కాళ్ళు విరగ్గొడతాను," అంది గైరమ్మ, ఏడుస్తూ.

తాబేలు మెడ మొత్తం బయటికి చాపి చూసింది.

"దొంగ జంటలు నా ఎదుట ఒకరి నోట్లో ఒకరు పళ్ళు పెట్టుకుంటాయి. ఇన్నేళ్ళలో ఇలా పొడుచుకున్న జంట ఒక్కటీ రాలేదు. ఇది కాపురమే," అని దరఖాస్తు మీద మంజూరు ముద్ర గుద్దేసింది. తాబేలు అంత తొందరగా ఏ పనీ చెయ్యలేదని అడవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మూడోనాడు పిల్ల పుట్టింది. పైడయ్య వాచిన మూతితో బొరియకి అడ్డంగా కూర్చున్నాడు. పాము వచ్చింది, చూసింది, పోయింది. పిల్ల దక్కింది.

సంగతి తెలిసి నక్క ఇప్పుడు పోట్లాట నేర్పుతోంది. తాబేలు ఆఫీసు ముందు జంటలు కొట్టుకుంటూ వరసలో నిలబడుతున్నాయి. ఏనాడూ ఒక మాట అనుకోని పావురాల జంట దరఖాస్తు మాత్రం, అనుమానం కింద, పెండింగులోనే ఉంది.

నీతి: ఆలుమగల ప్రేమకి రుజువు అడిగే చోట, ఒక్క మంచి పోట్లాట నూరు పెళ్ళిపత్రికల పెట్టు.