నాలుగు పేజీల అచ్చుతప్పు

1979లో ఒక ఆదివారం ఉదయం మునిరామయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటల బస్సెక్కి చిత్తూరు నుంచి తిరుపతికి పోవాలి. దారిలో పుస్తకం ముందుమాట చదవాలి. పదిన్నరకు సభలో ఆ పుస్తకం మీద మాట్లాడి, భోంచేసి రావాలి. సర్కారు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా ఉన్న ఆయనకు సాహిత్య విమర్శకుడని జిల్లాలో పేరు వచ్చి పదకొండేళ్లయింది. ఆ పదకొండేళ్లలో ఏ పుస్తకంలోనూ ఆయన ముందుమాట దాటి లోపలికి పోలేదు.

ఇవాళ్టి పుస్తకం 'మూడో ఈత' అనే నవల. పలమనేరు పాలకేంద్రంలో పనిచేసే ఏకాంబరం రాసిన మొదటి నవల. సంచిలో పెట్టుకోబోతూ మునిరామయ్య అట్ట తిప్పి చూశాడు. ముందుమాట లేదు. నూట ఎనభై పేజీలూ నవలే.

"మే జ్ఞానాంబా! ఈ పుస్తకం నువ్వు సదివినావా?" అని వంటింట్లోకి కేకేశాడు.

ఇంటికి వచ్చే పుస్తకాలన్నీ చదివేది ఆయన భార్యే. "సదివినా. రెండు తూర్లు," అంది జ్ఞానాంబ ఉప్మా కలుపుతూ.

"కత సెప్పు. గబగబా సెప్పు."

"నిన్న నేను సదవతా ఉంటే, పుస్తకం సదివితే పొయ్యి మండుతాదా అన్నారే?"

"అది నిన్నటి మాట. ఇప్పుడు బస్సు పోతా ఉండాది!"

జ్ఞానాంబ ఉప్మా ముందు పెట్టి కథ చెప్పింది. గురవమ్మ అనే ఆమె ఒక పెయ్యదూడను బిడ్డలా సాకుతుంది. అది పెద్దదై మూడో ఈత ఈనే వేళకు, మొగుడు వెంకటముని ఆమెకు చెప్పకుండా సంతకు తోలుకుపోయి అమ్మేస్తాడు.

"కడాకు ఏమవుతాది?"

జ్ఞానాంబ కాసేపు ఆలోచించింది. "గురవమ్మ సంతకు పోయి ఆవును విప్పుకొని, ఆ గుంజకే మొగుణ్ణి కట్టేసి ఇంటికొచ్చేస్తాది."

"బో బాగుండాది!" అంటూ మునిరామయ్య చెయ్యి కడుక్కొని బస్టాండుకు పరుగెత్తాడు.

సభకు నలభై మంది వచ్చారు. వాళ్లలో ముప్పై మంది రచయితలు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఆ రచయితల చుట్టాలు. మునిరామయ్య కథను రెండు నిమిషాల్లో ముగించి గుంజను పట్టుకున్నాడు.

"ఆ గుంజ గుంజ కాదు సోదరులారా! వెయ్యేళ్ల పురుషాహంకారం! దానికి పురుషుణ్ణే కట్టేసిన మొనగాడు మన ఏకాంబరం!"

హాలంతా చప్పట్లు. మెడలో దండతో వేదిక మీద కూర్చున్న ఏకాంబరం ముఖం పాలిపోయింది. చప్పట్లు ఆగాక ఏదో చెప్పబోయాడు. అప్పటికే లెక్చరరు దామోదరం మైకు అందుకున్నాడు. ఆ ముగింపు చదివినప్పటి నుంచి తనకు అన్నం సయించడం లేదన్నాడు. అధ్యక్షుడు ధనంజయ ఇంకో మెట్టెక్కి, ఆ గుంజ సలహా ఇచ్చింది తానేనని చెప్పుకున్నాడు. పుస్తకం అచ్చేసిన ప్రెస్సు యజమాని గోవిందు కూడా ఊరుకోలేదు. చివరి పేజీ అక్షరాలు కూరుస్తూ తమ కంపోజిటర్ వెక్కివెక్కి ఏడ్చాడట.

"ఆ పేజీ రచయిత నోటనే విందాం!" అన్నాడు ధనంజయ.

ఏకాంబరం లేచి పుస్తకం తెరిచాడు. అందులో గురవమ్మ మొగుడి చెప్పులకు దణ్ణం పెట్టి బావిలో దూకుతోంది. నాలుగు పేజీల పొడవునా దూకుతోంది. అతను తలెత్తి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక తన మాట కోసం ఇంతమంది మెడలు చాచడం అతనికి ఇదే మొదలు. మళ్లీ పుస్తకంలోకి చూస్తూ, అందులో లేని సంతనూ లేని గుంజనూ చదవడం మొదలుపెట్టాడు. మాట దొరక్క తడుముకున్న చోటల్లా అతని గొంతు పూడుకుపోయిందని జనం అనుకున్నారు.

ముగించేసరికి ఆడవాళ్ల వరసలోంచి ఒకామె లేచింది. శ్రీకాళహస్తిలో నర్సుగా పనిచేసే సంతోషమ్మ. ఆమె రచయిత కాదు, ఎవరి చుట్టమూ కాదు. పుస్తకం కొని, చదివి వచ్చిన మనిషి.

"అయ్యా, ఒగ మాట. నేను కొన్న పుస్తకంలో గురవమ్మ బాయిలో పడి సచ్చిపోతాదే? కోపమొచ్చి, అడగదామనే వచ్చినా. ఈ సంత యాడుండాది?"

వక్తలు నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అచ్చుతప్పు," అన్నాడు ధనంజయ.

"నాలుగు పేజీలా?"

"పెద్ద అచ్చుతప్పమ్మా," అన్నాడు దామోదరం.

గోవిందు ఉలిక్కిపడి లేచాడు. "నా ప్రెస్సులో అట్ల జరగదప్పా!"

"మరి నీ కంపోజిటర్ ఏం సూసి ఏడ్చినాడు?" అని ధనంజయ మెల్లగా అడిగాడు. గోవిందు కూర్చున్నాడు. సరైన ముగింపును నాలుగు పేజీల తప్పొప్పుల పట్టికగా వేసి, ప్రతి పుస్తకానికీ అంటించాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

మరుసటి ఆదివారం ఏకాంబరం చిత్తూరులో మునిరామయ్య ఇంటికి వచ్చాడు.

"నిజం సెప్పన్నా. ఆ గుంజ ఎవురిది?"

మునిరామయ్య గొంతు సవరించుకునే లోపల జ్ఞానాంబ కాఫీ తెచ్చింది.

"నాదేనప్పా. నువ్వు రాసింది నాకు నచ్చలా. అంత ప్రేమగా సాకిన మనిసి బాయిలో పడితే, ఆవును వెతికేదెవురు? దానికి గడ్డేసేదెవురు?"

ఏకాంబరం ఆ నవలను రెండేళ్లు రాశాడు. గురవమ్మను ఏడిపించాడు, చంపాడు. ఆవు ఏమైందని ఒక్కసారీ అనుకోలేదు.

"అక్కా, ఇంగో నవల రాస్తా ఉండా. రవంత సదివి పెడతావా?"

"పెడతా. ముందు నేను రాసింది నువ్వు సదువు," అంటూ ఆమె లోపలికి పోయి ఏడు నోటుపుస్తకాలు తెచ్చి అతని ముందు పెట్టింది.

మునిరామయ్య కళ్లు తేలేశాడు. "ఇవన్నీ ఎప్పుడు రాసినావే?"

"మీరు సభలకు పోయినప్పుడు."

ఏడాది తిరిగేసరికి జ్ఞానాంబ కథలు పుస్తకంగా వచ్చాయి. చిత్తూరులో సభ పెడతామంటే ఆమె ఒక్కటే షరతు పెట్టింది: పుస్తకం చదివినవాళ్లే రావాలి. తొమ్మిది మంది వచ్చారు. ఆవిష్కరణ సంతోషమ్మ చేసింది. ఏకాంబరం తనకు నచ్చని కథలేవో కూడా చెప్పాడు, జ్ఞానాంబ శ్రద్ధగా రాసుకుంది. మునిరామయ్య రాలేకపోయాడు. ఆ పూట ఆయన కార్వేటినగరంలో స్త్రీల రచనల గొప్పతనం మీద ఉపన్యాసం ఇస్తున్నాడు.